రాణి రంగు గదిలో మగ్గం

హలో, ఆ, వినపడతాండానా? అందరూ బాగుండారా? నేనే, హిందూపురం కేశవని, పెయింటింగ్ పని చేసేవాణ్ణి. పొద్దున్నే ఈ గ్రూపులో గోడల ఫొటోలు పెట్టి మీ నిద్ర చెడగొట్టేది నేనే. నిన్న ఒకాయమ్మ అడిగినారు, "అన్నా, ఇంట్లో ఎరుపూ పింకూ రెండూ గట్టిగా వేయిస్తే బాగుంటాదా, కండ్లకు కొట్టినట్టుంటాదా" అని. ఒక ముక్కలో జవాబు పెడదామని ఫోన్ తీసుకుంటి. ఒక ముక్కలో కాలేదు. ఆ రెండు రంగులూ కలిపి నేను వేసింది ఒకే ఒక్క ఇంట్లో. ధర్మవరంలో మా అక్కోళ్లింట్లో, మొన్న ఎండాకాలం. ఆ ఇంటి సంగతి చెప్తే జవాబు దాంట్లోనే ఉంటాది. వాయిస్ మెసేజి పొడుగైతే మధ్యలో ఆపెయ్యద్దండి.

మా అక్క పేరు పుష్పావతి. మా బావ చౌడప్ప, పట్టుచీరలు నేస్తాడు. చిన్న ఇల్లు. ముందర పొడుగు రూము, దాంట్లో గుంత మగ్గం. దాని ఎనక పడుకునే రూము, ఆ ఎనక వంటిల్లు. ఇల్లంతా తెలుపు. మగ్గముండే ఇంట్లో గోడ తెల్లగానే ఉండాలని బావ వాళ్ల నాయన కాలం నుంచి పట్టింపు. గోడకు రంగుంటే దాని నీడ పట్టు మీద పడతాది, దారం అసలు రంగు తెలీదంటారు. అప్పట్లో ఏటా సున్నం కొడుతుండ్రి, ఇప్పుడు డిస్టెంపర్ కొడతారు, ఏది కొట్టినా తెలుపే.

ఆ తెల్లగోడల మధ్యన కూర్చొని మా అక్క, పెండ్లయి వచ్చినప్పట్నుంచీ రాట్నం తిప్పి కండెలు చుడతాండాది. కండె అంటే నాడెలో పెట్టే దారం చుట్ట, తెలీనోళ్ల కోసం చెప్తాండా. నాడె అటూ ఇటూ పోతాంటే ఆ దారమే అడ్డంగా పడి చీరవుతాది.

మా బిడ్డ అమృతకు వైశాఖం ఆఖర్లో పెండ్లి ఖాయమైంది. తలంబ్రాల చీర బావే నేస్తానన్నాడు. మా ఇంట్లో ఏ ఆడపిల్లకు పెండ్లయినా ఆ చీర ఆ మగ్గం మీద నుంచే దిగాల. ఒళ్లంతా హాఫ్‌వైటు, అంచు మిరపపండు ఎరుపు. "అయితే బావా, చీర నీది, మీ ఇంటికి రంగులు నావి" అంటి నేను. శివరాత్రి పోయినాక షేడ్ కార్డు సంచిలో పెట్టుకొని ధర్మవరం పోతి.

"ఏం రంగులక్కా?"

అక్క చెయ్యి తుడుచుకుంటా వచ్చింది. ముందే అనుకోని పెట్టుకున్నట్టుండాది. "ముందర రూముకు రాణి రంగు, ఆ గట్టి పింకు. పడుకునే రూముకు ఎరుపు. తలుపులు కూడా ఎరుపే. వంటింటికి లేత గులాబి పెట్టు, ఆడ నూనె మరక పడితే కనపడాల గదా."

నేను నవ్వితి. "అక్కా, ముందర రూములో మగ్గముండాది."

"నాకు తెలీదా? దాని గుంతలో చెత్త ఎత్తేది ఎవరనుకున్నావు?"

"బావ ఒప్పుకుంటాడా?"

"ఈడనే ఉండాడు గదా, అడుగు. చెవులు యాడికీ పోలేదు."

బావ గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తాండాడు. నాడె ఆపినాడు. "ఏమప్పా కేశవా, మీ అక్క ఫోన్లో ఎవరిండ్లో చూసినాదంట. ఎర్ర సోఫా, పింకు గోడ. అప్పట్నుంచి నన్ను చూసినా ఏదో రంగు తక్కువైనట్టు చూస్తాండాది."

"నీకు రంగు వెయ్యాలంటే ముందు పుట్టీ పెట్టాల. అది వీని చేతనయ్యే పని కాదులే" అనింది అక్క.

ఆ మాటకు నవ్వినాక ఆయమ్మ ఇంకోటి అనింది. నవ్వకుండా అనింది. "ఎన్ని రంగులు పోయినాయి అబ్బా నా చేతి మీద. రాణి, మిరపపండు, కనకాంబరం. అన్నీ చుట్టి చుట్టి ఇచ్చినా. ఎవరెవరి పెండ్లిళ్లకో పోయినాయి. ఒకటన్నా నా ఇంట్లో నిలబడాల గదా."

నేను షేడ్ కార్డు బావ చేతికిస్తి. రాణి రంగు మీద ఏలు పెట్టి చూపిస్తి. తిడతాడని కొంచెం ఎనక్కి కూడా జరిగింటి. బావ కార్డును దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టినాడు, ఎలుతురు పక్క తిప్పినాడు.

"ఇదేనా? ఇంత మాసినట్టుండాదే. దీనికేనా ఇంత రామాయణం. వేస్కో పో."

ఆ కార్డులో అన్నిటికంటే గట్టి రంగు అదే. మా ఊర్లో కొట్టు ముందర ఆ డబ్బా మూత తీస్తే దోవన పోయేవాళ్లు నిలబడి చూస్తారు. నేనేదో అనబోతి. అక్క నా చేతిలో నుంచి కార్డు తీసేసుకుంది.

"ఒప్పుకున్నాడు గదా. ఇంక రెండోసారి అడగద్దు."

సంతోషపడాల్సిన మనిషి. మొగం మాత్రం అట్ల లేదు. ఎండకేమోలే అనుకుంటి.

ఎరుపు వేసేవాళ్లకు తెలుసు, ఎరుపు గోడకు ఒక డబ్బాతో తీరదు. ఎంత వేసినా కింద తెలుపు తొంగి చూస్తానే ఉంటాది. అందుకని ప్రైమర్లోనే కొంచెం పింకు కలుపుకొని ముందు అది కొడితి, దాని మీద ఎరుపు. మగ్గానికి పాత దుప్పట్లు కప్పి, పడుగు మీద ఒక్క చుక్క పడకుండా, ముందర రూము గోడ గోడకూ ఆగి ఆగి వేస్తి. పడుగంటే మగ్గానికి నిలువుగా పరిచిన దారాలు, ఒక పడుగుకు మూడు చీరలు వస్తాయి. దాని మీద చుక్క పడితే మూడు చీరలూ పోతాయి.

ఈధిలో వాళ్లంతా వాకిట్లోకి వచ్చి తొంగి చూసిపోతాండ్రి. ఎదురింటి సోమక్క అయితే గడప దాటి లోపలికే వచ్చేసింది.

"ఏమే పుష్పావతీ, ఇది ఇల్లా, పెండ్లి బస్సా?"

"బస్సే. టికెట్ తీసుకొని ఎక్కు సోమక్కా, ఊరికే నిలబడితే దించేస్తా."

"పూలబండి బోల్తా పడినట్టుండాది."

"పడనీలే. ఏరుకునేదానికి నువ్వొస్తివి గదా."

అక్క కోడలు దీపిక నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది. ఆ పిల్ల మొగుడు మనోజ్, మా అక్క కొడుకు, పెనుకొండ పక్క కార్ల ఫ్యాక్టరీలో పని. "మామా, మీ మేనల్లుడు షిఫ్ట్ దిగి నిద్రకండ్లతో వచ్చినాడు. తలుపు తీసి చూసి, తప్పు ఇంటికొచ్చినా అనుకోని చెప్పులేసుకొని మళ్లా ఈధిలోకి పోయినాడు" అని చెప్పింది.

పని అయిపోయినాక అక్క సొంత పని మొదలుపెట్టింది. బజార్లో ఎర్ర పరదాలు తెచ్చింది. అరలో దాచిపెట్టుకున్న చీర అంచు ముక్కలు కలిపి దిండ్లకు గలేబులు కుట్టింది. పాత అద్దానికి చుట్టూ ఎరుపు వేయమంటే వేస్తి. మంచం మీద గులాబి దుప్పటి పరిచి, కాళ్లు పైకి పెట్టుకొని, ఎరుపు గోడకు ఆనుకొని కూర్చుంది. టీ తాగింది. మా అక్క పట్టపగలు మంచం మీద కూర్చొని టీ తాగేది నేను పుట్టి బుద్ధెరిగి చూసింది అదే మొదటిసారి.

ఇంకో సంగతి నేను ఆ పని చేసేటప్పుడే చూసింటి గానీ పట్టించుకోలేదు. బావ మగ్గం మీద కూర్చోంగానే అక్క వచ్చి కండెల గంపలు పెడతాది. "ఎరుపు నీ ఎడమ పక్క, తెలుపు కుడి పక్క" అంటాది. బావ "ఊ" అంటాడు. రోజూ అదే. కండెలు అయిపోతే మళ్లా వచ్చి, మళ్లా అదే మాట. కొత్తల్లుడికి వడ్డించినట్టు ఏందక్కా ఇది అని ఎగతాళి చేస్తి. ఆయమ్మ ఖాళీ గంప ఎత్తుకొని పోయింది.

ఉగాది ముందర అక్క పెనుకొండకు పోయింది. ఆడ ఆయమ్మ బిడ్డ పద్మకు కాన్పు. నేను హిందూపురం వచ్చేస్తి. చీర అయిపోయింది, వచ్చి తీసుకోమని బావ ఫోన్ చేసినాడు. పొద్దున ప్యాసింజర్ ఎక్కితే పెనుకొండలో అక్క కూడా అదే పెట్టెలోకి ఎక్కింది. మనవరాలు పుట్టింది, బొద్దుగా ఉండాది, అంతా చెప్పింది. చెప్పి చెప్పి ఉన్నట్టుండి అడిగింది.

"నేను లేనప్పుడు కండెలు ఎవరు చుట్టినారంట?"

"దీపికే గదా. ఇంకెవరు చుడతారు?"

ఆయమ్మ ధర్మవరం వచ్చేదాకా ఒళ్లో సంచి కాడ పట్టుకొని మెలి తిప్పతా కూర్చుంది.

మగ్గం మీద నేసిన గుడ్డ నేసినట్టే ముందర కట్టెకు చుట్టుకుంటా పోతాది. అంతా దించి విప్పితే గానీ మొత్తం చీర కంటికి కనపడదు. బావ చీరను దించి మడత పెట్టి ఉన్నాడు. వాకిట్లో చాప పరిచి ఎండలో విప్పినాము. అక్క ఒక కొన, నేనొక కొన. నడిమికి వచ్చేసరికి ఆగిపోతిమి.

సగం దాకా హాఫ్‌వైటు. ఆడ్నుంచి ఎర్రగడ్డ పొర రంగు, అదే ఉల్లిపాయ పొర మాదిరి పింకు. లేతదే, గానీ గీత గీసినట్టు మారిపోయింది. ఎవరైనా ఈధిలో నుంచి చూసినా కనపడతాది.

బావ చీర పక్క చూడలేదు. మా మొగాలు చూసినాడు.

"ఏమప్పా, అట్ల నిలబడినారు?"

"బావా, ఈడ్నుంచి రంగు మారింది."

వంగినాడు. "యాడ?"

నేను ఏలు పెట్టి చూపిస్తి. బావ ఆ తావున బొటనేలుతో రుద్ది చూసినాడు. అది చేతికి తగిలే గీత కాదు గదా.

దీపిక లోపల నుంచి వచ్చింది. చీర చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పోయిన చీరవి ఎర్రగడ్డ పొర రంగు కండెలు మిగిలిండె మామా. తెల్లవాటి గంపలోనే ఉండె. నేను మధ్యలో కాగితం అడ్డం పెట్టి వేరేగానే పెట్టినా. చూస్తేనే తెలుస్తాది గదా, రెండూ వేరేవని..."

"దీపికా" అనింది అక్క. "పొయ్యి మీద పాలు పొంగుతాయి, చూసిరాపో."

ఆ పిల్ల అత్త మొగం ఒకసారి చూసి లోపలికి పోయింది. నేను అంతకుముందే నీళ్లు తాగేదానికి వంటింట్లోకి పోయొచ్చింటి. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేదు.

బావ తలెత్తి లోపలి గోడ చూసినాడు. "గోడ" అన్నాడు. "మా నాయన చెప్పనే చెప్పినాడు. ఆ పింకు నీడలో కూర్చుంటే ఏది తెలుపో ఏది పింకో ఎట్ల తెలుస్తాది?"

అక్క చీరను తన పక్క కొన నుంచి మడుచుకుంటా వచ్చింది.

"నిజమే. గోడదే తప్పు. నేనే మొండికేసి వేయించుకుంటి. కేశవా, రేపు తెల్లగా కొట్టెయ్యి. లోపలి రూము కూడా."

"లోపల మగ్గం లేదు గదక్కా."

"అన్నీ కొట్టెయ్యబ్బా."

పొద్దు గూకేముందర అక్క వంటింట్లో కూరకు తరుగుతాండాది. నేను పోయి పీట వేసుకొని కూర్చుంటి. నేను అడగకముందే ఆయమ్మ తట్టలో నుంచి రెండు పొరలు తీసి నా ముందర పెట్టింది. ఒకటి ఎర్రగడ్డ పొర, ఒకటి తెల్లగడ్డ పొర, వెల్లుల్లిది.

"మీ బావకు ఈ రెండూ ఒకటే. శానా దినాలుగా."

నాకు అప్పుడు గంపలు గుర్తుకొచ్చినాయి. ఎరుపు ఎడమ పక్క, తెలుపు కుడి పక్క.

"ఆసుపత్రికి తీసుకుపోవచ్చు గదక్కా? కంట్లో పొరేమో. ఇప్పుడు పొద్దున పోతే సాయంత్రానికి ఇంటికి పంపిస్తాండారు."

"ఆ మాట ఎత్తితే లేచి ఈధిలోకి పోతాడు. వాళ్ల నాయనకు యాడనో క్యాంపులో కంటికి ఆపరేషన్ చేసిండ్రంట. అది చెడిపోయింది. అప్పట్నుంచి మామ మగ్గం ఎక్కలేదు. వాకిట్లో మంచమేసుకొని దోవన పోయే ఆడోళ్లను, నీ చీర ఏం రంగు అమ్మా అని అడుగుతుండె. కొందరు నవ్వుతుండ్రి. ఈయప్ప అప్పుడు పిల్లోడు, పక్కన కూర్చొని చూసినాడు."

"షేడ్ కార్డు చూపించినప్పుడే నీకు తెలుసు గదా."

"మాసినట్టుండాదన్నాడే, అప్పుడు తెలిసింది, ఇంత దూరం పోయిందని." కత్తి ఆపింది. "అయినా వేయించుకుంటి. అంత గట్టి రంగైతేనన్నా ఆయప్ప కంట్లో పడతాదేమో అని కొంచెం. నాకు కావాలని శానా."

"మరి గోడదే తప్పని ఎందుకంటివి?"

"కోడలి ముందర చెప్పాల్నా? మగ్గం మీద కూర్చున్నంత సేపే ఆయప్ప ఆయప్పగా ఉంటాడు. గోడైతే ఇంకో కోటింగు వేస్తావు. ఆయప్పకేం వేస్తావు?"

తెల్లగడ్డ ఒలిచి పెడితి.

తెల్లారి మగ్గానికి ఎదురుగా ఉండే గోడతో మొదలుపెడితి. గట్టి రంగు మీద తెలుపు కొట్టేది నాకు ఇష్టం లేని పని. కింది రంగు పైకి వస్తానే ఉంటాది. అక్క లోపల పరదాలు దించి మడత పెడతాండాది. బావ మగ్గం అంచున కూర్చొని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, నేను రోలర్ తిప్పేది చూస్తాండాడు.

మొదటి కోటింగు ఆరింది.

"ఆ, ఇప్పుడు బాగుండాది. తెల్లగా" అన్నాడు బావ.

నేను గోడ చూస్తి. చంటిబిడ్డ బుగ్గ మాదిరి లేత పింకుగా ఉండాది. ఎవరికైనా తెలుస్తాది అది తెలుపు కాదని.

"ఇంకో కోటింగు పడాల బావా."

"ఎందుకప్పా? తెల్లగానే ఉండాది గదా."

రోలర్ డబ్బాలో ముంచితి. బావ నన్ను చూసినాడు, తడి గోడను చూసినాడు, మళ్లా నన్ను చూసినాడు. రెండోది వేస్తి. అది ఆరినాక మూడోది వేస్తి. మధ్యాహ్నానికి ఆ గోడ ఉతికి ఆరేసిన పంచె మాదిరి అయింది. వాకిలి తలుపులో నుంచి ఎండ నేరుగా దాని మీదికే పడతాండాది.

బావ లేచినాడు. గంపలో నుంచి రెండు కండెలు తీసుకున్నాడు. అడ్డం పెట్టిన కాగితానికి ఈ పక్కది ఒకటి, ఆ పక్కది ఒకటి. ఆ తెల్లగోడకు దగ్గరగా పోయి, ఎండలో రెండింటినీ పక్కపక్కన పట్టుకున్నాడు. శానాసేపు పట్టుకున్నాడు. ఈ చేతిది ఆ చేతికి మార్చుకున్నాడు. మళ్లా మార్చుకున్నాడు. పక్క ఈధిలో మరమగ్గాలు ఆడతాండాయి. నేను వంగి బ్రష్షు కడుగుతాండా. కడిగిన బ్రష్షునే మళ్లా కడుగుతాండా.

"పుష్పా" అని పిలిచినాడు.

అక్క వచ్చింది. చేతి మీద మడత పెట్టిన ఎర్ర పరదా ఉండాది.

"దీంట్లో తెల్లది ఏది?"

అక్క గోడ చూసింది, నన్ను చూసింది.

"కుడి చేతిది" అనింది.

బావ ఆ కండెను చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండోది గంపలో పెట్టేసినాడు. వచ్చి మళ్లా మగ్గం అంచున కూర్చున్నాడు.

"ఏమప్పా, డబ్బాకు మూత పెట్టు. మిగతా గోడలకు వెయ్యద్దు."

నేను మూత పెడితి.

"కంటాసుపత్రికి పొద్దున్నే పోవాల్నా, ఎప్పుడు పోయినా చూస్తారా?"

"పొద్దున్నే పోవాల" అనింది అక్క.

"సరే" అన్నాడు.

అంతే జరిగింది. ఆ పూట సంగటీ పప్పూ తింటిమి. బావ ఊరగాయ అడిగినాడు. దీపిక తెచ్చి పెట్టింది. తిన్నాక అక్క పోయి, మడత పెట్టిన పరదాలను మళ్లా తగిలించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, రెండు కండ్లలోనూ పొర బాగా ముదిరిందని చెప్పింది. ఇన్నాళ్లూ ఎట్ల నేసినావప్పా అని అడిగితే, బావ "చేతుల్తో" అన్నాడంట. ముందు ఒక కంటికి చేసినారు, కొన్నాళ్లాగి రెండోదానికి. ఆ రెండోదానికి కట్టు విప్పిన పొద్దు నేను కూడా ఆడికి పోయింటి. నల్లద్దాలు పెట్టుకొని ఆటో దిగినాడు. ఆ మధ్యంతా ఎనక సందులో నుంచి వంటింట్లోకి పోయి ఆడనే పడుకుంటుండెనంట, ముందర రూములో మగ్గం దుమ్ము కంటికి తగలకూడదని. ముందర తలుపు నుంచి రావడం అదే మొదలు.

గడప మీద నిలబడి అద్దాలు తీసినాడు. తీసి అట్లనే నిలబడిపోయినాడు.

అక్క మగ్గం పక్కన ఉండాది. రాణి రంగు గోడ మీద చెయ్యి ఆనించి పెట్టుకొని ఉండాది. ఇప్పుడు ఈయప్ప నిజంగా చూస్తాండాడు. నచ్చకపోతే నాలుగు గోడలూ తెల్లగా కొట్టమంటే ఏమనేదానికీ లేదు. అది ఆయమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

"కేశవా" అన్నాడు బావ. "ఇంత రంగు వేసేదానికి నేను ఒప్పుకుంటినా?"

"ఒప్పుకుంటివి బావా. మాసినట్టుండాదే అని కూడా అంటివి."

"ఆ పొద్దు మీ అక్క కాఫీలో ఏమన్నా కలిపిందేమో."

లోపలికి పోయినాడు. ఎరుపు రూములో నుంచి శానాసేపు బయటికి రాలేదు. దీపిక నన్ను చూసి సైగ చేసింది, పోయి చూడమని. నేను పోలేదు. బయటికొచ్చినాక అక్కను అడిగినాడు.

"లైటు ఆర్పినాక కూడా కనపడతాదా ఇది?"

"కండ్లు మూసుకుంటే కనపడదు" అనింది అక్క.

"ఆ చీర యాడ?"

అక్క బీరువాలో నుంచి తెచ్చిచ్చింది. బావ దాన్ని తెల్లగోడ ముందర విప్పి పట్టుకున్నాడు. గీత చూసినాడు. ఈసారి ఏలు పెట్టలేదు. "ఇంత కనపడతాండాదా" అని తనలో తనే అనుకున్నాడు. తర్వాత సుత్తి అడిగినాడు, మేకులు అడిగినాడు, అటక మీద పాత ఇనుప కడ్డీ ఉంటే నన్ను దించమన్నాడు. రెండు రూముల మధ్య వాకిలికి దాన్ని కొట్టి, చీరను దాని మీద వేసినాడు. గీత సరిగ్గా కడ్డీ మీదికి వచ్చేటట్టు సర్దినాడు. మగ్గముండే పక్క హాఫ్‌వైటు, ఎరుపు రూము పక్క ఎర్రగడ్డ పొర రంగు. గీత మడతలో పోయింది.

"పట్టుచీర పరదాకా మామా?" అనింది దీపిక.

"నేను నేసిందే గదా. నాకు ఇష్టమొచ్చిన తావ తగిలిస్తా."

కింద మిగిలిన గుడ్డను అక్క లోపలికి మడిచి కుట్టింది. ముందర రూము మూడు గోడలు రాణి రంగు, ఒకటి తెలుపు. తలుపులు ఎరుపు. సోమక్క వచ్చి, "ఆ ఒక్క గోడకు రంగు చాల్లేదా?" అని అడిగింది. "అది మగ్గం గోడ" అన్నాడు బావ. ఆయమ్మకు అర్థం కాలేదు. ఆ తెల్లగోడ మగ్గం మీద కూర్చున్నోడి కండ్లకు ఎదురుగా ఉంటాది. దారం చూడాలంటే దాని ముందర పట్టుకొని చూస్తాడు. మిగతా మూడు గోడలు అక్కవి.

డాక్టరమ్మ సరే అన్నాక బావ మళ్లా మగ్గం ఎక్కినాడు. అదే పడుగు మీద అమృత చీర మళ్లా మొదలు. నేను పెండ్లిపత్రికలు ఇచ్చేదానికి పోయింటి ఆ పొద్దు. అక్క గంపలు తెచ్చి పెట్టింది. ఎడమ పక్కొకటి, కుడి పక్కొకటి. ఏమీ అనకుండా పోయి రాట్నం ముందర కూర్చుంది. బావ నాడె పట్టుకొని అట్లనే కూర్చున్నాడు.

"ఏం, ఈ పొద్దు చెప్పవా?"

"నీకే కనపడతాది గదా."

"కనపడతాది. అయినా చెప్పు."

అక్క రాట్నం తిప్పతానే చెప్పింది. "ఎరుపు ఎడమ పక్క. తెలుపు కుడి పక్క."

బావ "ఊ" అన్నాడు. నాడె కదిలింది.

అమృత ఆ చీర కట్టుకొనే తలంబ్రాలు పోసింది. ఫొటోలు మీరంతా చూసినారు, లైకులు కూడా కొట్టినారు.

ఇంక అడిగినాయమ్మకు జవాబు. వేయించుకోమ్మా. ఇంట్లో మగ్గం లేకపోతే నాలుగు గోడలకూ వేయించుకో, ఉంటే మూడింటికి. ఎరుపు కింద ప్రైమర్లో పింకు కలపమని మీ పెయింటర్‌కు చెప్పు, కలపకపోతే కోటింగు మీద కోటింగు పడతాది. మిగతావాళ్లకు ఒక్క మాట. మీకు తెలిసిన ఇంట్లో పెద్దాయన ఎవరన్నా గట్టి రంగును చూసి, మాసినట్టుండాదే అంటాంటే, ఇది ఆయనకు పంపద్దండి. వినడు, విన్నా నా గురించి కాదంటాడు. ఆయన పక్కన కూర్చొని కండెలు చుట్టే మనిషి ఒకరుంటారు గదా, వాళ్లకు పంపండి.